వాయవ్యాన బూడిద చార

మా ఊరి కరకట్ట ఎక్కి నిలబడితే కనిపించేది నేల తక్కువ, ఆకాశం ఎక్కువ. అందుకే మా వైపు బొమ్మలేసేవాళ్ళం చెక్క పలకలో ముప్పాతిక భాగం ఆకాశానికే ఇస్తాం. కింద సన్నగా కాస్త బురద, ఓ నాలుగు గొర్రెలు. అంతే.

నేనూ, నా నేస్తం దౌవే పధ్నాలుగేళ్ళపాటు ఆ కట్టమీద పక్కపక్కనే స్టాండ్లు పెట్టుకుని నూనె రంగులతో మబ్బులు వేశాం. రంగు కలపడంలో వాడి చెయ్యి గొప్పది. వాతావరణం పసిగట్టడంలో నా కన్ను గొప్పది. ఏ మబ్బు గంటలో చెదిరిపోతుందో, ఏది వాన తెస్తుందో చూడగానే చెప్పేవాణ్ణి. "మీ అమ్మ నిన్ను ఉయ్యాల్లో కాదురా, మబ్బులో పడుకోబెట్టి ఊపింది" అనేవాడు దౌవె. రోజూ కట్ట ఎక్కగానే వాడిది ఒకటే ప్రశ్న: "ఏమంటోందిరా ఆకాశం?"

పోయిన ఏడాది మే నెలలో ఒకరోజు కూడా అలాగే అడిగాడు.

అప్పటికి వారంగా మా మధ్య మాటలు పుల్లబడి ఉన్నాయి. పట్నం నుంచి వచ్చిన బొమ్మలకొట్టు ఆసామి దౌవెవి ఆరు బొమ్మలు తీసుకున్నాడు. నావి తిరగేసి చూసి, "మీకు మబ్బులు తెలుసు. ఆయనకి వెలుగు తెలుసు" అని నవ్వి వెళ్ళాడు. ఆ నవ్వు నా గొంతులో చేపముల్లులా దిగబడిపోయింది.

ఆ రోజు ఆటు. సముద్రం మైళ్ళ దూరం వెనక్కి తీసి, అడుగున బురద అద్దంలా మెరుస్తోంది. నీటిగుంటల్లో ఆకాశం పడే తీరు దగ్గర్నుంచి వెయ్యాలి, లోపలికి దిగుతాను అన్నాడు దౌవె. నేను వాయవ్యం వైపు చూశాను. మబ్బుల అడుగున, సముద్రాన్ని ఆనుకుని, తడిసిన పలకరాయి రంగులో సన్నటి చార. పొగమంచు. గంటలో కమ్మేస్తుంది. అందులో చిక్కుకున్నవాడికి గట్టు ఎటో, సముద్రం ఎటో తెలీదు.

"ఏమంటోందిరా ఆకాశం?"

"సాయంత్రం దాకా ఢోకా లేదు, పో" అన్నాను.

వాడు చావాలని కాదు. ఒట్టు. కాసేపు దారి తప్పి, బొమ్మ పాడై, ఒళ్ళంతా బురదతో తిరిగి రావాలని... అంతే.

పోటు వచ్చింది. వాడు రాలేదు. మూడో రోజు వాడి రంగుల పెట్టె ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఊరంతా దౌవెదే తొందరపాటు అంది. నేనూ తలూపాను.

ఈ ఏడాది మే మొదట్లో దౌవె భార్య నింకె మా ఇంటికి వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆయన ఆఖరున చూసిన ఆకాశం నాకు కావాలి. నువ్వు పక్కనే ఉన్నావుగా. వేసిపెట్టు."

సరేనన్నాను.

ఆరు రోజులు కట్ట ఎక్కి దిగాను. ఆ ఆకాశం కుదరలేదు. ఇంట్లో నిలవలేను, బయట నిలవలేను. అన్నానికి కూర్చుంటే లేచి కిటికీ దగ్గరికి పోయేవాణ్ణి. ఏడో రోజు, మధ్యాహ్నం మూడింటికి, వచ్చింది. అలాంటిది కాదు... అదే. ఎడమన గొర్రె చెవిలా చిరిగిన మబ్బు, దాని కింద పసుపు వెలుగు, మధ్యన మూడు మెట్లుగా పేరుకున్న తెలుపు. ముప్ఫై ఏళ్ళుగా ఆకాశాలు చూస్తున్నాను, ఒకటి రెండోసారి రావడం ఎరగను. అయినా పెట్టె తెరిచాను.

త్వరత్వరగా వేశాను. అన్నీ వేశాను, ఆ చార తప్ప. వాయవ్యాన లేతనీలం వెలుగు పూశాను. ఎదురుగా నిజం ఆకాశంలోనూ ఆ చోట చార లేదు. నాకు ఊపిరాడింది.

కుంచె తుడవడానికి గుడ్డ కోసం వంగాను. లేచి చూస్తే... తడి రంగులో, సరిగ్గా వాయవ్యాన, పలకరాయి రంగు చార.

నా రంగులపలక మీద అసలు ఆ బూడిద రంగే లేదు.

కత్తితో గీకేశాను. టర్పెంటైన్‌తో తుడిచాను. మళ్ళీ నీలం పూశాను. తెలుపు గొట్టం కోసం వంగి లేచాను. మళ్ళీ ఉంది. ఈసారి ఇంకా వెడల్పుగా.

అప్పుడు తెలిసింది, పిట్టల కూతలు ఆగిపోయాయని. నా వెనక గొర్రెలు గడ్డి కొరుకుతున్న కరకర కూడా లేదు. టర్పెంటైన్ వాసన పోయి, కుళ్ళిన నాచు వాసన, అడుగు బురద వాసన. తలెత్తాను.

మంచు. గోడలా. నా చెయ్యి నాకే కనిపించలేదు.

చప్...

బురదలోంచి కాలు పీకిన చప్పుడు. కట్టమీద ఉన్నది ఎండు గడ్డి. బురద లేదు.

చప్... చప్...

కూలబడి తల చేతుల్లో దాచుకున్నాను.

"సిబ్రెన్..."

చెవి పక్కనే. నా పేరు.

"ఏమంటోందిరా ఆకాశం?"

"ఢో... ఢోకా లేదు" అంది నా నాలుక.

చప్. మెడమీద చల్లటి తడి గాలి.

"ఏమంటోందిరా?"

"పొగమంచు!" అని అరిచాను. "పొగమంచు వస్తోంది! ఆ రోజు నాకు కనిపించింది. కనిపించి కూడా నిన్ను పొమ్మన్నాను!"

చెక్క పలక మీద కుంచె రాస్తున్న చప్పుడు మాత్రం... నింపాదిగా... చాలాసేపు.

ఎప్పటికో కళ్ళు తెరిస్తే ఎండ. గొర్రెలు మేస్తున్నాయి. బొమ్మ పూర్తయి ఉంది. అందులో చార పెరిగి సగం ఆకాశాన్ని మింగేసింది.

కట్ట కిందనే నింకె ఇల్లు. తడి బొమ్మ పట్టుకుని నేరుగా అక్కడికే పోయాను. వంటింటి బల్లమీద పెట్టి, ఉన్నదంతా చెప్పేశాను. పొయ్యిమీద కాఫీ పొంగి మాడుతోంది. ఆమె కదల్లేదు.

చివరికి గిన్నె దించి అంది. "ఆ రోజు బయల్దేరేటప్పుడు కోటు నేనే చేతికిచ్చాను. కట్ట ఎక్కినవాడు మళ్ళీ దిగొచ్చి కొక్కేనికి తగిలించేశాడు. ఎందుకన్నాను. 'సిబ్రెన్ చెప్పాడు' అన్నాడు. నాతో ఆయన ఆఖరి మాట అదే."

తిట్టినా బాగుండేది. తలుపు దాకా వెళ్ళాను.

"ఎవరతను?" అంది వెనక నుంచి.

"ఎవరు?"

"ఇందాక కట్టమీద నీతో ఉన్నతను."

"అంత మంచులో నీకెలా కనిపించాడు?"

"మంచేమిటి? పెరట్లో దుప్పట్లు ఆరేస్తున్నాను, ఎండ ఫెళ్ళున కాస్తోంది. నువ్వు తల పట్టుకుని కింద కూర్చున్నావు. అతను నిలబడి బొమ్మ వేస్తున్నాడు. గడ్డిలో ఎలా నిలబడ్డాడో గానీ... మోకాళ్ళ కింద కాళ్ళు లేవు. దిగబడినట్టు."

"దౌవె... దౌవేనా?"

"పద్దెనిమిదేళ్ళు కాపురం చేశాను. ఆయన వీపు నాకు తెలీదా? ఆయన కాదు."

"మొహం చూశావా?"

"లేదు." నింకె కిటికీ తెర పక్కకి జరిపి పెరట్లోకి చూసింది. గొంతు బాగా తగ్గించింది.

"ఇప్పుడు కూడా వీపే కనిపిస్తోంది."