ఐదు దాటాక నీడల గది

ఆ విజ్ఞాన ప్రదర్శనశాలలో మెట్లు దిగగానే కుడివైపున ఉండే నీడల గదికి మంచి పేరు లేదు. సాయంత్రం ఐదు దాటి, చివరి సందర్శకుడు కూడా గేటు దాటాక, ఆ గది గోడ మీద ఒక ఆడమనిషి నీడ కనిపిస్తుందని... చేతులు పైకెత్తి నిలబడి ఉంటుందని... మనిషి మాత్రం ఉండదని చెప్పుకునేవారు.

ముందు ఆ గోడ సంగతి చెప్పాలి. దానికి పూసిన రంగు వెలుతురును తాగి, చీకట్లో కాసేపు పచ్చగా మెరుస్తుంది. నేల మీది మీట కాలితో నొక్కితే దీపం ఒక్కసారి కళ్ళు చెదిరేలా వెలిగి ఆరిపోతుంది. ఆ క్షణంలో గోడ ముందు ఎవరున్నారో వారి ఆకారం మేర రంగుకు వెలుతురు అందదు. మనిషి పక్కకు తప్పుకున్నా నీడ మాత్రం రెండు మూడు నిమిషాలు అక్కడే ఉండిపోతుంది. అంటే, యజమాని లేని నీడను చూపించడమే ఆ గోడ ఉద్యోగం. అందుకు దెయ్యం అక్కర్లేదు.

కానీ మీట నొక్కడానికి ఎవరో ఒకరు కావాలి కదా — తాళం వేసే వేళకు ఆ ఎవరో ఎవరు?

తలుపు మీది 'మూర్ఛ వచ్చేవారు లోనికి రావద్దు' అన్న హెచ్చరికను లెక్కచేయక ఒకావిడ లోపల పడి ప్రాణం వదిలిందని, ఆ నీడ ఆవిడదేనని, నేల ఊడ్చే మామ ఒట్టేసి మరీ చెప్పేవాడు. నేను పదకొండేళ్ళ ప్రమాదాల పుస్తకం తిరగేశాను. మడమ బెణికినవారు నలుగురు, వాంతి చేసుకున్న పిల్లలు ఏడుగురు, గాజు తలుపుకు ముక్కు గుద్దుకున్న లెక్కల మాస్టారు ఒకరు. పోయినవారు ఎవరూ లేరు.

ఇక జరిగినది — నాకు అక్క చెప్పినట్టే చెబుతున్నాను.

అక్క అంటే, పదకొండేళ్ళుగా ఆ గదిని చూసుకుంటున్న ఆవిడ. రెండు చేతులూ కలిపి తల మీదుగా పట్టి, దీపం వెలిగి ఆరగానే పక్కకు తప్పుకునేది. గోడ మీద ఆమె నీడా, ఆ నీడ చేతుల్లో చెవులు రిక్కించిన కుందేలూ మిగిలిపోయేవి. "చూశారా పిల్లలూ... నేను వచ్చేశాను, కుందేలు రానంది!" అనేది. పిల్లలు కదిలేవారు కాదు.

ఆమె చెల్లెలు ఆరేళ్ళు వెనకగా అక్కడే చేరి, నిరుడు భద్రతాధికారి అయింది. మెడలో ఈల, ఒంటి మీద నారింజ రంగు కోటు. "పరుగెత్తొద్దు. అద్దం మీద వాలొద్దు. దగ్గు ఉంటే రావొద్దు." పిల్లలు ఆమెకు 'వద్దత్త' అని పేరు పెట్టారు.

ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. నిలబడి నిలబడి కాళ్ళు వాచిన అక్క, రోజూ చెల్లెలి ముందుకు వెళ్ళి "గది ఖాళీ అండీ" అనాలి.

"అండీ అనమని అది అడగలేదు," అంది నాతో. "నేనే అనేదాన్ని. దానికి గుచ్చుకోవాలని."

గేటు దగ్గర ఒక బోర్డు మీద గదికొక చెక్కబిళ్ళ ఉంటుంది. ఎరుపు వైపు ఉంటే లోపల మనుషులున్నట్టు, పచ్చవైపు ఉంటే ఖాళీ అయినట్టు. గది చూసేవారు లోపలంతా నడిచి చూసి బిళ్ళ తిప్పాలి. అన్నీ పచ్చబడ్డాక భద్రతాధికారి ప్రతి గదిలోకీ మళ్ళీ వెళ్ళి చూసి, తాళం వేయాలి. నీడల గదిని మాత్రం చెల్లెలు తలుపు అద్దంలోంచి తొంగిచూసి వదిలేస్తుందని అక్క లెక్క. ఆ పేరున్న గదిలోకి ఒంటరిగా ఎవరు అడుగు పెడతారు?

ఇది జరిగిన రోజుకు మర్నాడే, చెల్లెలి ఉద్యోగం ఖాయం చేసే కాగితం మీద పెద్ద అధికారి సంతకం.

ఆ సాయంత్రం అక్క బిళ్ళ తిప్పింది. తిప్పి... మళ్ళీ లోపలికి వెళ్ళి, తలుపు పక్క బల్ల చాటున కూర్చుంది. తాళం పడ్డ చప్పుడు వినగానే పెద్ద అధికారికి ఫోన్ చేయాలి. 'మనిషిని లోపల పెట్టి తాళం వేసుకుపోయిందండీ మీ భద్రతాధికారి.' అంతే. సంతకం ఆగిపోతుంది.

చీకటి. మెట్ల మీద అడుగులు... దగ్గరికొచ్చి ఆగాయి.

తాళం పడలేదు. తలుపు తెరుచుకుంది.

బట్ట రాసుకున్న చప్పుడు. ఎవరిదో ఊపిరి. తర్వాత — భళ్ళున వెలుగు!

కళ్ళు సర్దుకున్నాక చూస్తే, పచ్చటి గోడ మీద నీడ. ఒక భుజం కాస్త వాలి, బరువంతా కుడికాలి మీద వేసి, చేతులు పైకెత్తి...

"అది నా నీడండీ," అంది అక్క. "నేను కూర్చున్నాను. అది నిలబడింది."

చీకట్లోంచి గుసగుస. అక్క మాటలే, అక్క సాగదీసినట్టే: "చూశారా పిల్లలూ... నేను వచ్చేశాను..."



"ఛీ! కుందేలు కాదు, మళ్ళీ గాడిదే."

ఆ విసుగు చెల్లెలిది.

అక్క ఉండబట్టలేకపోయింది. "బొటనవేలు లోపలికి ముడవ్వే."

చెల్లెలు కెవ్వున అరిచి గోడకు కరుచుకుపోయింది. ఆ అరుపులో అక్కకు కొంచెం హాయిగా కూడా అనిపించిందట.

"నువ్వా అక్కా? గుండె ఆగిపోయింది కదే!"

"ఎన్నాళ్ళ నుంచి ఈ నాటకం?"

"నిరుటి నుంచి."

"ఎందుకే?"

"పిల్లలు నీ దగ్గరికి పరుగెత్తుకొస్తారు. నన్ను చూసి పారిపోతారు. చిన్నప్పుడూ అంతే... ఇంటికి ఎవరొచ్చినా ముందు నిన్నే అడిగేవారు. నీలా నిలబడితే, నీలా మాట్లాడితే... నాకూ కుందేలు వస్తుందేమోనని."

కడుపులోని ఆ మంట తన ఒక్కదాని సొత్తనుకుంది అక్క ఇన్నాళ్ళూ.

గోడ మీద నీడ పలచబడుతోంది. చెల్లెలు కోటు తొడుక్కుంటూ, ఒక చేయి తొడిగి... ఆగింది.

"మరి నువ్విక్కడేం చేస్తున్నావు? బిళ్ళ పచ్చగా ఉందే."

అక్క చేతిలోని ఫోన్‌ను కొంగు చాటు చేసింది.

"రేపు నా సంతకం," అంది చెల్లెలు నెమ్మదిగా. ఆమెకు అర్థమైపోయింది. "బిళ్ళ తిప్పి లోపల ఉండిపోయినవాళ్ళని ఏం చేస్తారో తెలుసా?"

"తీసేస్తారు."

"ఆ నియమం రాసింది నేనే."

అంటూ వచ్చి అక్క పక్కన నేల మీద చతికిలబడింది. చీకట్లో తడుముకుని అక్క రెండు చేతులూ పట్టుకుంది. చెల్లెలి వేళ్ళు మంచులా ఉన్నాయట. చెవి దగ్గర, గాలికన్నా సన్నగా అడిగింది —

"నేర్పుతావా... పైవాళ్ళకు రాయమంటావా?"

ఏం చేశావని నేను అడిగాను. అక్క నా వంక చూడలేదు.

"నేర్పానండీ," అంది. "కుందేలొక్కటే."