ఏడో రుతువు

2091 నాటికి గెడ్డపాలెంలో తాగునీళ్లు నాచునాడి అనే యంత్రం చేతిలో ఉన్నాయి. ఊరి పక్కన పారే వాగు, అంటే గెడ్డ, అడుగున నీటిమొక్కల ఆకుల మీద బ్యాక్టీరియా సన్నని జిగురుపొరగా బతుకుతుంది. ఆ పొర వరదకు పలచబడుతుంది, చలికి మందగిస్తుంది, ఎండకు చిక్కబడుతుంది. సెన్సర్‌తో దాన్ని చదివి, నీళ్లు మంచివైతేనే నాచునాడి ఊరి తూము తెరుస్తుంది.

నిన్నటి నుంచి తెరవలేదు.

“ఇప్పుడు ఏ రుతువు?” శాస్త్రవేత్త హైమావతి పళ్లు కొరుకుతూ అడిగింది.

“ఏడోది,” అంది నాచునాడి.

“రుతువులు ఆరే!”

“మీకు ఆరు. ఈ గెడ్డకు ఏడు. ఉన్నట్టుండి పొర మాయమవుతుంది. విషం కలిసినా అలాగే అవుతుంది. తేడా తెలియందే తూము తీయను.”

బయట బిందెల మోత. “మేడమ్, అలిగింది మీ మిషనా, మీరా? పిల్లలకి గంజి కాసుకోడానికి కూడా నీళ్లు లేవు!” అని ఎవరో అరిచారు.

“ఆ ఏడోది ఎప్పుడెప్పుడు వచ్చింది?” హైమావతి యంత్రాన్ని అడిగింది.

“ప్రతి తనిఖీకి ముందు.”

హైమావతి మెల్లగా సింహాచలం వైపు తిరిగింది. మొక్కలు చూసుకునేది అతనే.

“డైరెక్టర్ గారొస్తంటే ఆకులు జిడ్డోడతా ఉంచమంటారేటి మేడమ్? బ్రష్షెట్టి తోమేసినాను. అద్దాల్లా ఉన్నాయి.”

“ఆ జిడ్డు చదవడానికే కదయ్యా మనకి జీతాలిస్తున్నారు!”

“చుట్టాలొస్తే వాకిలి కడగమేటి?”

ఆమె తల పట్టుకుంది. నీళ్లు విడిగా పరీక్ష చేయించి తూము తెరిపించింది. బ్రష్షు బీరువాలో పెట్టి తాళం వేసింది. “ఇక ఆ రుతువు రాదు. వస్తే విషమే అనుకో, సైరన్ మోగించు,” అని యంత్రానికి గట్టిగా చెప్పింది.

తనిఖీకి ముందొచ్చే ఏడో రుతువు సంగతి ఊరంతా పాకింది. పొర మళ్లీ పట్టింది. వారాల తరబడి తూము ఒక్కరోజు కూడా ఆగలేదు. అంతలో మంత్రిగారు కెమెరాలతో వస్తున్నారని కబురు.

ఆ ఉదయం హైమావతి గట్టు మీద నిలబడి చూసింది. సెన్సర్ తగిలించిన మొక్కే అన్నిటికంటే ముందు, గట్టు పక్కనే ఉంది. ఆకులన్నీ గోధుమరంగు జిగట. ఎంత అసహ్యంగా ఉంది! టీవీలో ఊరూరా చూస్తారు. వంగి ఒక ఆకును బొటనవేలితో రుద్దింది. పచ్చగా మెరిసింది. దాంతో పక్క ఆకు మరీ మురికిగా కనిపించింది. అదీ రుద్దింది. ఆ పక్కదీ.

సైరన్ మోగింది. తూము దభీమని మూసుకుంది.

“ఏడో రుతువు మొదలైంది,” అని నాచునాడి ఊరంతటికీ మైకులో చెప్పింది.

అవతలి గట్టు మీద ఒకామె సగం నిండిన బిందె దించి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

“ఈసారి ఎవలొస్తన్నారు మేడమ్?”