మూత మీది పసుపు

దేవుడి పేరు మీద పెట్టిన పసుపే లక్ష్మన్న ప్రాణం తీసిందా?

మూడేళ్లుగా ఏజెంట్ నరసన్నను ఈ సందేహం వదల్లేదు. 1953 ఆయుధ పూజ నాడు మైదుకూరు బంగళాలో జీపుకు పూజ చేసింది అతనే. స్టీరింగుకు, బానెట్‌కు, చివరికి డ్రైవర్ సీటు కింద ఉండే పెట్రోల్ ట్యాంకు మూతకు కూడా పసుపు మెత్తాడు.

"టెంకాయ కొట్టప్పా" అన్నాడు తోటి ఏజెంట్ లక్ష్మన్న.

"టైము లేదు. వచ్చినాక కొడతా."

"అయితే నాకొక టెంకాయ బాకీ ఉండావు."

ఏడు మైళ్లు పోయాక, చిన్న వాగులాంటి వంక గట్టున జీపు ఆగిపోయింది. నరసన్న నీళ్లకు వెళ్లాడు. తుపాకి శబ్దం విని పరుగెత్తుకొచ్చేసరికి లక్ష్మన్న తల బానెట్ కిందే వాలిపోయి ఉంది. రహస్య పత్రాల సంచీ లేదు.

పెట్రోలు సరిగా వడగట్టలేదని, తప్పు నరసన్నదేనని డిపార్ట్‌మెంట్ తేల్చింది. జీపును షెడ్డులో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత కొద్దిరోజులకే మాన్యువల్‌లో చదివాడతను. ట్యాంకు మూతకు సన్నటి గాలిరంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే పెట్రోలు ఇంజనుకు రాదు. ఆ రోజు నుంచి ఇంట్లో పూజ చేస్తున్నా అతని కళ్లు దేవుడి మీద కాక, పసుపు గిన్నె మీదే నిలిచేవి.

1956 దసరా రోజులు. కర్నూలు ఆఫీసులో చీఫ్ తలుపు మూశాడు.

"టార్గెట్ బ్రూనో. ముగ్గురాయి ఖనిజం కొనే వ్యాపారినని చెప్పుకుంటాడు. మన ఖనిజాల సర్వే మ్యాపు మైక్రోఫిల్మ్ వాడి దగ్గరుంది. రేపు సాయంత్రం నాలుగుకు, మైదుకూరుకు పది మైళ్లలో ఉన్న పాత రన్‌వే మీద విమానం దిగుతుంది. వాడు ఎక్కకూడదు."

"వాడెవరు సార్?"

"లక్ష్మన్నను కాల్చినవాడు."

నరసన్న పిడికిలి బిగిసింది.

"వాడి సెక్రటరీ మిస్ వీణ మన డబుల్ ఏజెంట్. వాడి జీపు మాటిమాటికీ ఆగిపోతోంది, రేపు బాగు చేయించడానికి నీ దగ్గరికే తెస్తుంది. కోడ్ గుర్తు పెట్టుకో. వాడు నాకు ప్రాణాలతో కావాలి, నరసన్నా."

నరసన్న బిగిసిన పిడికిలితోనే బయటికి నడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం మైదుకూరు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మాసిన నిక్కరు, అంటించిన మీసంతో, మెకానిక్ తిమ్మయ్య వేషంలో నరసన్న కూర్చున్నాడు. పక్కన గాలిపంపు. దాని లోపల పిస్టల్.

జీపు దగ్గుతూ వచ్చి ఆగింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీరతో ఒకామె దిగింది. వెనకే ఎర్రగా కమిలిన ముఖంతో బ్రూనో.

"పెట్రోలు వడగట్టి పోస్తావా అప్పా?"

"మూడు మడతల్లో అమ్మా."

కోడ్ సరిపోయింది. ఆమే వీణ.

"కార్బొరేటర్ క్లీన్ చెయ్యి" అన్నాడు బ్రూనో. "త్వరగా!"

"ఎట్ల ఆగతాంది సామీ? చోక్ లాగితే పలుకుతాందా?"

"లేదు. ఆరేడు మైళ్లు బాగా పోతుంది. తర్వాత చచ్చిపోతుంది."

నరసన్న కార్బొరేటర్ గిన్నె విప్పాడు. మట్టి రేణువు లేదు. పెట్రోలు చుక్క కూడా లేదు. పెట్రోలు చిమ్మే సన్నటి జెట్‌ను నోట్లో పెట్టి ఊదాడు. గాలి సాఫీగా పోయింది. పెట్రోలు పంపు దగ్గర పైపు ఊడదీసి, వీణ చేత సెల్ఫ్ కొట్టించాడు. పెట్రోలు రాలేదు. ట్యాంకు మాత్రం నిండుగా ఉంది.

మాన్యువల్‌లో చదివిన గాలిరంధ్రం గుర్తొచ్చింది. సీటు ఎత్తి మూత తిప్పాడు.

స్స్స్... ట్యాంకు గాలి పీల్చుకుంది. మళ్ళీ సెల్ఫ్ కొట్టించగానే పైపులో పెట్రోలు చిమ్మింది.

మూత మీద ఎండి గట్టిపడిన పసుపు. తన వేలి గుర్తుతో సహా. ఇది ఆ జీపే. కత్తి మొనతో పసుపు గీకాడు. దాని అడుగున, రంధ్రంలో, ఎర్రటి సీలు లక్క.

తన పసుపు కంటే ముందే దాన్ని ఎవరో కావాలని మూసేశారు. అక్కడే బ్రూనో గొంతు పట్టుకోవాలనిపించింది. మైక్రోఫిల్మ్ ఎక్కడుందో ఇంకా తెలియదు. తమాయించుకున్నాడు. రంధ్రం శుభ్రం చేసి, అన్నీ బిగించి ఇంజన్ స్టార్ట్ చేశాడు. మృదంగంలా పలికింది.

"గుడ్!" బ్రూనో ఎక్కబోయాడు.

"ఉండు సామీ. ఈ పొద్దు ఆయుధ పూజ. బొట్టు పెట్టకుండా బండి నా షెడ్డు దాటదు."

"నాన్సెన్స్!"

"పెట్టనీండి సార్. లేకపోతే ఊరంతా అనుమానపడుతుంది" అంది వీణ.

నరసన్న బానెట్‌కు, స్టీరింగుకు పసుపు పెట్టాడు. మూతకు పెట్టినది మాత్రం గ్రీజులో పిసికిన పసుపు. రంధ్రంలోకి బొటనవేలితో గట్టిగా నొక్కాడు. బ్రూనో నవ్వుతూ చూశాడు.

నాలుగుకు ఐదు నిమిషాలు. ఆకాశంలో విమానం చక్కర్లు కొడుతోంది. అదే వంక గట్టున ఆగిన జీపు ముందు, విప్పిన కార్బొరేటర్ చేతిలో పట్టుకుని బ్రూనో బూతులు తిడుతున్నాడు. నరసన్న మోటార్ సైకిల్ దిగాడు. భుజాన సంచి, చేతిలో గాలిపంపు.

"మళ్ళీ ఆగిందా సామీ?"

బ్రూనో రివాల్వర్ తీసి గురిపెట్టాడు. "ఎవడివి నువ్వు?"

"మూడేండ్ల కిందట ఈడనే నీళ్లకు పోయినోన్ని."

బ్రూనో ట్రిగ్గర్ నొక్కాడు. టిక్. మళ్ళీ టిక్. వీణ చేతిరుమాలు విప్పింది. ఆరు తూటాలు. బ్రూనో పెన్ను లాక్కుని మూత తిప్పింది. మైక్రోఫిల్మ్ చుట్ట బయటపడింది.

విమానం దక్షిణానికి తిరిగిపోయింది.

పంపులోంచి తీసిన పిస్టల్ బ్రూనో నుదుటికి ఆనింది. వేలు బిగిసింది. చీఫ్ మాట కన్నా, బానెట్ కింద వాలిన తలే నరసన్నకు గుర్తొచ్చింది. చివరికి చీఫ్ మాటకే కట్టుబడి పిస్టల్ కిందికి దించాడు.

"కార్బొరేటర్ బిగించు. తర్వాత తొయ్యి."

"వాట్?"

"జీపు తొయ్యి, రోడ్డు దాకా."

చదును దారిలో ఒక మైలు. వీణ స్టీరింగు పట్టింది. నరసన్న పిస్టల్ పట్టుకుని పక్కనే నడిచాడు.

"ఆ లక్క పెట్టింది నువ్వేనా?" అన్నాడు.

వీణ కళ్లద్దాలు తీసింది. "నా పేరు గిడ్డమ్మ. జీపు ఆపమని ఈ బ్రూనోనే చెప్పినాడు, మీ పూజకు ముందే లక్క పెట్టినా. ఆలస్యం చేస్తే చాలనుకుంటి. చంపుతాడని తెలీదన్నా. ఆ పొద్దే మీ పక్కకొచ్చినా. ఈ జీపు వేలానికొస్తే వానిచేత కొనిపిచ్చిందీ నేనే. ఈ మూత నువ్వొకసారి చూడాలని."

 అతనికి ఆమెను క్షమించడానికి మనసు రాలేదు.

"లక్క లేకున్నా నా పసుపే ఆపుండునేమో. అంతటా పెడతాండారని నేనూ పెట్టినా. ఎందుకని అడగలేదు" అన్నాడు చివరికి.

రోడ్డు మీద బ్రూనో కూలబడ్డాడు. అప్పుడు నరసన్న సీటు ఎత్తి, మూత తిప్పాడు. స్స్స్... గ్రీజు తుడిచి, పెట్రోలు పంపు మీట కాసేపు కొట్టి సెల్ఫ్ నొక్కాడు. ఇంజన్ పలికింది. బ్రూనో నోరు తెరిచాడు.

"ఇంతేనా?"

"ఇంతే సామీ."

భుజాన ఉన్న సంచిలోంచి నరసన్న టెంకాయ తీశాడు. జీపు ముందు, లక్ష్మన్న పేరు తలచి, ఒక్క దెబ్బకు కొట్టాడు.

నీళ్లు తేటగా ఉన్నాయి. వడగట్టాల్సిన పని లేకపోయింది.