పన్నెండు పొరల కోటు

మంగళవారం పొద్దున నళిని బట్టలు ఉతకడానికి వేస్తూ కూతురి కోటు దగ్గర ఆగిపోయింది. మామూలు కోటు కాదది. హంసిక కత్తియుద్ధానికి వెళ్ళేటప్పుడు ఇనుప కవచం కింద తొడుక్కునే మందపాటి మెత్త కోటు. దాన్ని గాంబెసన్ అంటారని హంసిక చాలాసార్లు చెప్పింది గానీ నళినికి ఆ పేరు నోరు తిరగలేదు. కోటును తిరగేస్తే ఎడమ చంక కింద గుడ్డ చిరిగి, లోపలి ఫోమ్ పొడిపొడిగా రాలింది. వేళ్ళు పెట్టి చూసింది. జానెడు మేర లోపల ఏమీ మిగల్లేదు.

నవంబర్‌లో హంసికకు పక్కటెముక విరిగింది సరిగ్గా అక్కడే.

హంసికకు ఇరవై ఆరేళ్ళు. సిటీ వాటర్ డిపార్ట్‌మెంట్‌లో పైపులైన్లు డిజైన్ చేసే ఇంజనీరు. కాలేజీలో ఉండగా స్నేహితురాలు దియతో కలిసి ఈ ఆటలో చేరింది. ఆరువందల ఏళ్ళ నాటి సైనికుల కవచాలు అప్పట్లో ఎలా ఉండేవో అలాగే తయారు చేసుకుని, తొడుక్కుని, జట్లుగా కంచె లోపల తలపడతారు. కత్తులకు పదును ఉండదు, దెబ్బలు మాత్రం నిజమైనవే. కాపెల్ అనే ఊళ్ళో వాళ్ళింటి గరాజ్‌లో కారుకు చోటు లేకుండా పోయి రెండేళ్ళయింది. శనివారం పొద్దున్నే ఇనప రేకు మీద సుత్తి మోగేది. తండ్రి రామమోహన్ కాఫీ కప్పు పట్టుకుని ఇంట్లోనే తలుపులు ధడాల్న వేస్తూ తిరిగేవాడు.

నళిని అరవలేదు, తలుపులూ వెయ్యలేదు. ఆమె పద్ధతి వేరు. కాపెల్‌లో సగం మంది తెలుగు ఆడవాళ్ళ జాకెట్లు ఆమె కుట్టినవే. నిరుడు హంసిక రెండుసార్లు అడిగింది, కవచం కిందికి కోటు కుట్టిపెట్టమని. "కొట్టుకోవడానికి వెళ్ళేవాళ్ళకి నేను బట్టలు కుట్టను" అంది నళిని. కోటు లేకపోతే అదే మానేస్తుందని లోపల ఆశ.

ఇప్పుడు ఆ చిరిగిన కోటు పట్టుకుని వంటగదిలోకి వచ్చింది. హంసిక నిలబడే బ్రెడ్ తింటోంది.

"ఇది ఎక్కడ కొన్నావే?"

"ఆన్‌లైన్‌లో. ఎందుకు?"

"ఇక్కడ లోపల ఏమీ లేదు."

"తెలుసమ్మా. ఫోమ్ క్రష్ అయిపోయింది. టేప్ వేశా, అదీ ఊడిపోయింది."

"తెలిసే వేసుకెళ్ళావా?"

"మరి ఏం వేసుకోవాలి?" హంసిక గొంతులో కోపం లేదు. "నువ్వు కుట్టనన్నావు. కుట్టకపోతే నేను ఆగిపోతా అనుకున్నావు కదా. నేను ఆగలేదు. ఇది వేసుకుని వెళ్ళా, అంతే."

లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని ఆఫీస్‌కి వెళ్ళిపోయింది. నళిని కుర్చీలో కూర్చుండిపోయింది. కూతుర్ని ఆపానని అనుకుంది. ఆపలేదు సరికదా, చేతిలో సూది ఉండీ ఒట్టి గుడ్డతో పంపించింది. నవంబర్‌లో పిల్ల దగ్గినప్పుడల్లా పక్క పట్టుకుని వంగిపోవడం గుర్తొచ్చి, కోటును మొహానికి అదుముకుని చాలాసేపు ఏడ్చింది.

సాయంత్రం హంసిక గుమ్మంలో అడుగు పెట్టగానే టేపు తీసుకుని ఎదురొచ్చింది. "చేతులు ఎత్తి నిలబడు. కొలతలు తియ్యాలి."

హంసిక తల్లి మొహంలోకి చూసి చేతులెత్తింది.

"మెషిన్ మీద వేస్తే రెండు రోజుల పని" అంది నళిని.

"మెషిన్ వద్దమ్మా. పైకి కనిపించే కుట్టంతా చేత్తోనే ఉండాలి. ఫైట్‌కి ముందు చెక్ చేస్తారు. ఆరువందల ఏళ్ళ క్రితం మెషిన్ ఎక్కడుంది?"

టోర్నమెంట్ మే పదహారున. ఇంకా మూడున్నర వారాలే. నళిని జాకెట్లకు ఒప్పుకున్న వాళ్ళందరికీ ఆలస్యమవుతుందని మెసేజ్ పెట్టింది. నార గుడ్డ తెప్పించింది. చిన్నప్పుడు అమ్మమ్మ పక్కన కూర్చుని పాత చీరలు పొరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టిన చేతులవి. పొర జరగకుండా ముందు ఎక్కడ టాకా వెయ్యాలో, దారం ఎంత లాగితే గుడ్డ గట్టిపడుతుందో వాటికి ఎవరూ చెప్పక్కర్లేదు. పన్నెండు పొరలు వేసింది. చంకల కింద ఇంకో నాలుగు. సూది దిగక, పట్టకారుతో లాగాల్సి వచ్చేది. రెండో వారానికి కుడిచేతి వేళ్ళకు ప్లాస్టర్లు లేని చోటు లేదు.

ఒకరోజు పొద్దున జాకెట్ కోసం వచ్చిన రష్మి ఆ కోటును చూసి కళ్ళు పెద్దవి చేసింది. "అక్కా, హంసిక వీడియో మా గ్రూప్‌లో ఫార్వర్డ్ అవుతోంది. ఎవరో అమ్మాయిని షీల్డ్‌తో గుద్ది కింద పడేస్తోంది. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"పదహారో తారీఖున ఇంకోటి ఉంది. దానికి వాళ్ళని రమ్మను, దగ్గర్నుంచి చూడొచ్చు" అంది నళిని, దారం పంటితో తెంపుతూ.

రామమోహన్ ఇదంతా చూస్తూనే ఉన్నాడు. ఏమీ అనలేదు. ఆ మౌనం చూసి నళిని ఒప్పుకున్నాడేమో అనుకుంది.

గురువారం పొద్దున, హంసిక ఆఫీస్‌కి వెళ్ళిన గంటకి, కిటికీ దగ్గర కుట్టుకుంటున్న నళిని తలెత్తి చూసింది. ఆ రోజు పెద్ద చెత్త తీసుకెళ్ళే రోజు. వాళ్ళింటి ముందు రోడ్డు పక్కన రెండు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు పెట్టి ఉన్నాయి. ఒకదానిలోంచి భుజం కవచం అంచు ఎండకు మెరుస్తోంది. డబ్బాల పక్కన రామమోహన్ ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. చెత్త లారీ రెండిళ్ళ అవతల ఉంది.

నళిని నైటీ మీద చున్నీ వేసుకుని పరుగెత్తింది. డబ్బా లాగబోయింది. కదల్లేదు. లారీ వచ్చి ఆగింది, మనిషి దిగాడు. నళినికి ఇంకేమీ తోచక ఆ డబ్బా మూత మీద కూర్చుంది.

"ఇది చెత్త కాదు. పొరపాటున పెట్టారు" అంది అతనితో ఇంగ్లీషులో.

అతను ఆమెనీ, రామమోహన్‌నీ మార్చి మార్చి చూశాడు. ఎదురింటాయన మొక్కలకు నీళ్ళు పట్టడం ఆపేశాడు.

"నళినీ, లే. అందరూ చూస్తున్నారు" అన్నాడు రామమోహన్ గొంతు తగ్గించి.

"చూడనివ్వండి. లారీ వెళ్ళేదాకా నేను లేవను."

లారీ వెళ్ళిపోయింది. అప్పుడు లేచింది. "ఒక చెయ్యి వెయ్యండి, నా ఒక్కదాని వల్ల కాదు" అంది. రామమోహన్ కదల్లేదు. నళిని డబ్బాల్లోంచి ఒక్కొక్క వస్తువూ తీసుకుని గరాజ్‌లోకి మోసింది. ఛాతీ పలక, మోకాలి తొడుగులు, ఇనప చేతి తొడుగులు, డాలు. రామమోహన్ వెనకాలే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నువ్వు కూడా దానికి వంత పాడుతున్నావన్నమాట."

"అడక్కుండా దాని వస్తువులు ఎలా పారేస్తారండీ?"

"ఎలాగా?" ఆయన లోపలికి ఒక అడుగు వేశాడు. "నవంబర్‌లో హాస్పిటల్‌లో ఏం జరిగిందో నీకు తెలుసా? నువ్వు కార్ పార్క్ చేసి వచ్చేలోపు నర్స్ నన్ను బయటికి వెళ్ళమంది. నేను కర్టెన్ పక్కనే ఉన్నాను. వినబడింది. 'ఇంట్లో నిన్ను ఎవరైనా కొడుతున్నారా? ఇక్కడ సేఫ్‌గా చెప్పొచ్చు' అని అడిగింది. నా గురించి, నళినీ. ఒళ్ళంతా కమిలిపోయిన పిల్ల పక్కన నేనున్నాను. ఎవరైనా అదే అడుగుతారు. అది ఏం చెప్పిందో వినలేక అక్కణ్ణుంచి వెళ్ళిపోయాను."

నళిని చేతిలోని డాలు కింద పెట్టింది. ఆరు నెలలుగా ఈయన ఈ మాట మోస్తున్నాడని ఆమెకు తెలియదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను?"

నళిని వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "మీకది ఎంత కష్టంగా ఉంటుందో నాకు అర్థమవుతోంది. కానీ ఇవి చెత్తలో వేస్తే అది మానేస్తుందనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకుని కోటు కుట్టకుండా కూర్చున్నాను. అది చిరిగిన కోటు వేసుకెళ్ళి ఎముక విరగ్గొట్టుకుంది. ఇవి పారేస్తే ఎవరివో సరిపోని కవచాలు అడిగి తెచ్చుకుంటుంది. ఇంక నేను దానికి అడ్డుపడను. మిమ్మల్నీ పడనివ్వను. కోపం వస్తే నా మీద చూపించండి."

రామమోహన్ ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

నళిని ఈ సంగతి కూతురికి చెప్పకూడదనుకుంది. కానీ సాయంత్రం భోజనాల దగ్గర హంసికే అడిగింది. "నా ఆర్మర్ ఎవరు కదిపారు?"

"నేనే. చెత్తలో పెట్టాను. మీ అమ్మ వెనక్కి తెచ్చింది" అన్నాడు రామమోహన్.

హంసిక స్పూను కింద పెట్టింది. "ఆ ఛాతీ ప్లేట్ ఎనిమిది నెలలు కొట్టి చేశా నాన్నా. నచ్చకపోతే నాతో చెప్పు. నేను ఇంట్లో లేనప్పుడు చెయ్యకు."

"నిన్ను ఎంత అపురూపంగా పెంచానో తెలుసా నీకు?"

"తెలుసు. అందరూ జాగ్రత్త, జాగ్రత్త అనే పెంచారు. స్విమ్మింగ్‌కి వెళ్తే జాగ్రత్త, హైవే ఎక్కితే జాగ్రత్త. అక్కడ ఎవరూ ఆ మాట అనరు నాన్నా. కొట్టి, ఇది నిలబడుతుందా లేదా అని చూస్తారు. నేను నిలబడతా. అది నాకు అక్కడికి వెళ్ళాకే తెలిసింది. నేను మానను. ఈ ఇంట్లో వద్దంటే వేరే ఇల్లు చూసుకుంటా, కానీ మానను."

రామమోహన్ కంచం సగంలో వదిలి లేచాడు. ఆ తర్వాత తొమ్మిది రోజులు ఆ ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. కోటు మాత్రం ఆగలేదు. పధ్నాలుగో తారీఖు మధ్యాహ్నం నళిని చివరి కాజా కుట్టి ముడి వేసింది.

పదహారున తల్లీకూతుళ్ళు పొద్దున్నే బయల్దేరి, రెండు గంటలు డ్రైవ్ చేసి, ఊరి బయట ఉన్న మైదానానికి చేరారు. బయల్దేరేటప్పుడు రామమోహన్ పడకగది తలుపు వేసే ఉంది.

కవచాలు పరీక్షించే తెల్లగడ్డం ఆయన కోటును బల్ల మీద పరిచాడు. కుట్ల వెంట బొటనవేలు నడిపించాడు, చంక కింద నొక్కి చూశాడు, తిరగేసి మళ్ళీ చూశాడు. నళిని ఇన్నేళ్ళలో ఏ పెళ్ళికూతురి జాకెట్ ఇచ్చేటప్పుడూ అంత బిగుసుకుపోలేదు. "ఎవరు కుట్టారు?" అన్నాడాయన. హంసిక తల్లిని చూపించింది. ఆయన తల వంచి, కోటును జాగ్రత్తగా మడిచి నళిని చేతికే ఇచ్చాడు. నళిని తన చేత్తోనే కూతురికి తొడిగి, నాడాలు బిగించింది. దియ వచ్చి పైన ఇనుము తొడగడంలో సాయం చేసింది.

ఇటు హంసిక జట్టు ఐదుగురు, అటు ఐదుగురు. కింద పడినవాళ్ళు అవుట్. ఒక ఆట వీళ్ళు గెలిచారు, ఒకటి వాళ్ళు. మూడోదానిలో దియ మొదటే పడిపోయింది. ఒక్కొక్కరే పడగా వీళ్ళ వైపు హంసిక ఒక్కతే మిగిలింది, అటు ఇద్దరు. వాళ్ళలో పొడుగు మనిషి గొడ్డలి తిప్పి హంసిక ఎడమ పక్కన కొట్టింది. ఆ చప్పుడుకి నళిని కంచె కర్రను పట్టుకుంది. హంసిక ఒక అడుగు తూలింది. పడలేదు. తిరిగి డాలుతో ఆ మనిషిని కంచెకేసి తోసి, కాలు అడ్డుపెట్టి పడేసింది.

"నిలబడవే హంసీ, నిలబడు" అని ఎవరో అరుస్తున్నారు. ఆ గొంతు తనదేనని నళినికి కాసేపటికి గానీ తెలియలేదు. పక్కన ఇంకో గొంతు కూడా అదే అరుస్తోంది. తిరిగి చూస్తే రామమోహన్. ఆఫీస్ బూట్లతో, దుమ్ము కొట్టుకుపోయిన పాంటుతో, కంచె మీదకి వంగి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. ఆమె వైపు చూడలేదు.

మిగిలిన ఒక్కత్తీ వెనకనుంచి వచ్చి హంసికను నడుము పట్టి కింద పడేసింది. ఓడిపోయారు.

గుడారం కింద ఇనుమంతా విప్పాక నళిని కోటు లోపలికి చెయ్యి పెట్టి కూతురి ఎడమ పక్కటెముకలు ఒక్కొక్కటీ తడిమింది. "నొప్పా?"

"లేదమ్మా. నిజంగా లేదు. దెబ్బ తెలిసింది, అంతే." హంసిక చెమట మొహంతో నవ్వింది.

గొడ్డలితో కొట్టిన పొడుగమ్మాయి వచ్చి హంసికకు చెయ్యి కలిపి, కోటు వైపు చూపించి, తనకు కూడా ఒకటి కుట్టిపెడతారా అని నళినిని అడిగింది. "మీ అమ్మకి తెలుసా, నువ్వు ఇక్కడికి వచ్చినట్టు?" అంది నళిని. ఆ అమ్మాయి తెల్లబోయి, తెలియదంది. "ముందు ఆవిడకి చెప్పు. తర్వాత రా, కొలతలు తీసుకుంటాను."

రామమోహన్ గుడారం అంచున నిలబడి ఉన్నాడు. హంసిక చూసింది గానీ పిలవలేదు. ఆయనే నెమ్మదిగా వచ్చి బల్ల మీది ఇనప హెల్మెట్‌ను చేతుల్లోకి తీసుకున్నాడు. కొత్త సొట్టల మీద వేలు పెట్టి చూశాడు.

"ఇందులో ఊపిరి ఎలా ఆడుతుంది?"

"పెట్టుకుని చూడు నాన్నా."

ఆయన కళ్ళజోడు తీసి నళినికిచ్చి, హెల్మెట్ తలకు దిగేసుకున్నాడు. ముందు రేకు దానంతటదే పడింది. ఇప్పుడు ఆయన మొహం ఎవరికీ కనిపించడం లేదు. లోపలినుంచి గొంతు చిన్నగా వినిపించింది.

"ఆ రోజు ఆ నర్స్‌కి ఏం చెప్పావు?"

హంసికకు మొదట అర్థం కాలేదు. తర్వాత మొహం మారింది. "నువ్వు విన్నావా? నాన్నా, ఇన్నాళ్ళు నన్ను ఎందుకు అడగలేదు?"

హంసిక ఆయన దగ్గరికి జరిగింది.

"మా నాన్న నన్ను ఎప్పుడూ కొట్టలేదు అని చెప్పా. ఒకసారి నా మీద అరిచి, తర్వాత రెండు రోజులు ఆయనే అన్నం తినలేదు అని చెప్పా. ఆవిడ నవ్వింది. యూ ఆర్ లక్కీ అంది. నేను అవును అన్నా."

హెల్మెట్ కదల్లేదు. దాని కింద రామమోహన్ భుజాలు కదిలాయి, ముందు కొంచెం, తర్వాత ఆగకుండా. హంసిక రేకు పైకెత్తడానికి చెయ్యి చాపింది.

నళిని ఆ చెయ్యి పట్టుకుంది. "ఉండనీవే, కాసేపు" అంది.