సహన చదివిన బొమ్మల పుస్తకాలు

పొద్దున పాల డెయిరీలో పాలు పోసి నందీశ్ ఇంటికొచ్చేసరికి వంటింట్లోంచి ప్రతిమ గొంతు వినిపిస్తోంది.

"సహనా, గంజి చల్లారిపోతాండాది. వచ్చి తాగి పో."

అరుగు మీద కూర్చున్న సహన తల ఎత్తలేదు. యూనిఫాం వేసుకుని, జడ అల్లుకుని, కాలేజీ బ్యాగు పక్కన పెట్టుకుని ఒళ్లో ఏదో పెద్ద పుస్తకం తెరుచుకుని ఉంది. ప్రతిమ మళ్లీ పిలిచింది. కూతురు పేజీ తిప్పింది కానీ పలకలేదు.

నందీశ్ దగ్గరికి వెళ్లి భుజం తట్టాడు. సహన ఉలిక్కిపడి పుస్తకం మూసేసింది.

"మీయమ్మ అంతగా పిలుస్తాంటే పలకవేందమ్మా?"

"పిలిచిందా? నాకు తెలీలేదప్పా."

"చదువుతాండేటప్పుడు దానికి లోకం తెలీదులేరా," అంది లోపల చింతపండు గింజలు తీస్తున్న నందీశ్ తల్లి సుజాతమ్మ. మనవరాలిని ఎవరేమన్నా ఆమెకు గిట్టదు.

నందీశ్ నవ్వుకున్నాడు. కూతురు చదువుతున్నది పాఠాల పుస్తకమే అనుకున్నాడు. కర్ణాటకలోని తమ ఊరు చాకవేలు నుంచి రోజూ బాగేపల్లికి బస్సులో పోయి సెకండ్ పీయూసీ, అంటే ఇంటర్ రెండో ఏడు, సైన్సు చదువుతున్న పిల్ల. వాళ్లింట్లో అంత దూరం వచ్చిన మొదటి మనిషి తనే. నందీశ్ చదువు పదో తరగతి ఎస్సెస్సెల్సీతోనే ఆగిపోయింది. పొలంలో టమాటా, కొట్టంలో రెండు ఆవులు, వాటితోనే అతని రోజు తెల్లారి పొద్దుగూకుతుంది.

పదో తరగతి దాకా సహన ఊరి దగ్గరి కన్నడ బడిలో మంచి మార్కులతోనే చదివింది. పీయూసీలో చేరాక మార్కులు పడిపోయాయి. ఇంగ్లీషు మీడియం కదా, అలవాటు కావాలి అని ఇంట్లో అందరూ సర్దుకున్నారు. సహన కూడా అదే అనుకుంది.

ఆ ఇంగ్లీషు భయం పోవాలనే, ఇంగ్లీషు లెక్చరర్ దేవరాజ్ ఆమెకు లైబ్రరీలోంచి మొదటి బొమ్మల నవల తీసిచ్చాడు. ఇది చిన్నపిల్లలు చదివేది కదా అని సహన సిగ్గుపడుతూనే తీసుకుంది. కొండల్లో తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ పోయే ఒక అమ్మాయి కథ అది. బస్సెక్కి చదవడం మొదలుపెడితే చాకవేలు స్టాపు దాటిపోయింది. తర్వాతి ఊళ్లో దిగి, నడిచి వచ్చింది. దారంతా ఆ అమ్మాయి ముఖమే కళ్ల ముందు మెదిలింది.

ఆ తర్వాత కన్నడంలోవి, ఇంగ్లీషులోవి, దొరికినవన్నీ చదివింది. ఒక్కో పుస్తకాన్ని మొదట కథ కోసం చదివేది. రెండోసారి మాటలు వదిలేసి ముఖాలు మాత్రమే చూసేది. కనుబొమ కొంచెం వంగితే చాలు, ఆ మనిషి అబద్ధం చెబుతున్నాడని తెలిసిపోయేది. ఒక పుస్తకంలో ముసలి తల్లి కొడుకు ముందు నవ్వి, అతను అటు తిరగగానే ముఖం దించుకునే బొమ్మ చూసి బస్సులోనే కళ్లు తుడుచుకుంది. మామూలు పాఠం ఎంత చదివినా అలసటే మిగిలేది. ఈ పుస్తకాలు చదివితే మాత్రం రోజంతా బిగదీసుకున్న ఒళ్లు వదులైనట్టుండేది. ఎందుకో ఆమెకే తెలియదు.

ఆ రోజు మధ్యాహ్నం నందీశ్ చింతామణి మార్కెట్లో టమాటా బాక్సులు దించుతుండగా కాలేజీ నుంచి ఫోనొచ్చింది. సహన క్లాస్ టీచర్.

"మీ అమ్మాయికి క్లాసులో ధ్యాసే లేదు," అందామె. "ఒకటి అడిగితే ఇంకొకటి చెప్తుంది. అందరూ నవ్వుతారు, తనూ నవ్వుతుంది. టెస్టుల్లో రెండు సబ్జెక్టులు పోయినాయి. డెస్కు కింద ఎప్పుడు చూసినా బొమ్మల పుస్తకమే. ఇట్లైతే పరీక్షకు కూర్చోబెట్టడమే కష్టం."

నందీశ్‌కు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పక్కనున్న రైతు ఏమైందప్పా అని అడిగితే ఏం లేదని వచ్చేశాడు. పొద్దున అరుగు మీద చూసిన పెద్ద పుస్తకం దారిపొడవునా గుర్తొస్తూనే ఉంది.

సాయంత్రం సహన ఇంట్లోకి అడుగు పెట్టగానే అతను బ్యాగు అందుకున్నాడు. పుస్తకాలు ఒక్కొక్కటే మంచం మీద వేశాడు. నోట్సుల మధ్యలోంచి రెండు బొమ్మల నవలలు బయటపడ్డాయి.

"ఇదేనా నువ్వు చదివే చదువు?" అన్నాడు.

సహన తండ్రి ముఖం వైపే చూస్తూ నిలబడింది. ప్రతిమ చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"ఏమైందిప్పుడు?"

"కాలేజీ నుంచి ఫోన్ చేసినారు. రెండు సబ్జెక్టులు పోయినాయంట. క్లాసులో అందరూ దీన్ని చూసి నగుతారంట. ఇదేమో ఒకటో క్లాసు పిల్ల మాదిరి బొమ్మలు చూస్కుంటా కూర్చుంటాది." "నేను ఎండలో చచ్చేది ఇందుకేనా? మొద్దు దానికి సైన్సెందుకు? రేపు ఆ దేవరాజ్ సారు ముఖాన ఇవి పారేసి వస్తా. ఇంక ఇట్లాంటివి ఇంట్లోకి రాకూడదు."

"అవి పారేయొద్దప్పా," అంది సహన.

ఎప్పుడూ ఎదురు చెప్పని పిల్ల. నందీశ్ ఆమె వైపు తిరిగాడు.

"ఎందుకు పారేయకూడదు? ఏముండాది వీటిలో?"

సహన పెదవి కొరుక్కుంది. చివరికి మాటలు కూడగట్టుకుంది.

"వీటిలో ఎవరు మాట్లాడినా నాకు తెలుస్తాదప్పా. ఎవరి మాట వాళ్ల తల పక్కనే రాసుంటాది. నేను చదివేదాకా అది యాడికీ పోదు. క్లాసులో అట్ల కాదు. సారు బోర్డు పక్కకు తిరిగి మాట్లాడితే నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ముందు బెంచీలో కూర్చున్నా అంతే. అందరూ నగితే నేనూ నగుతా, ఎందుకు నగినారో తెలీకుండానే. ఇంటికొచ్చేసరికి తల పగిలిపోతాది. ఇవి చదివితేనే నాకు కొంచెం నెమ్మది."

"మాట్లాడేది అందరికీ వినిపిస్తాది గదా. నీకొక్కదానికే ఏం వచ్చింది?" అన్నాడు నందీశ్. "అంతా సాకు."

"సాకు కాదప్పా. అందరికీ కష్టమే, నాకే చేతకాలేదు అనుకుంటి." సహన మంచం మీది పుస్తకం తీసి ఒక పేజీ తెరిచి చూపించింది. కోపం తగ్గించాలన్న ఆశతో కాబోలు, ఆ పేజీ గురించి చెప్పడం మొదలుపెట్టింది. "చూడప్పా, ఇది ఎంత బాగా వేసినారో. ఒక్కతే ఇంట్లో ఉండాది. శబ్దాలు కూడా బొమ్మల్లోనే రాసినారు. వాన పడేదానికి రాసినారు, తలుపుకు రాసినారు. గోడ గడియారానికి కూడా టిక్ టిక్ అని రాసినారు. గడియారం యాడన్నా శబ్దం చేస్తాదా? చేసినట్ల ఊహించుకుని రాసినారు."

ప్రతిమ చెయ్యి తుడుచుకోవడం ఆపేసింది.

వాళ్ల నడిమింటి గోడకు గడియారం ఉంది. ప్రతిమ పెళ్లిలో ఎవరో ఇచ్చింది. ఇల్లు సద్దుమణిగితే దాని చప్పుడు వంటింటి దాకా వినిపిస్తుంది. ఇప్పుడు, మూల చేటతో కూర్చున్న సుజాతమ్మతో కలిపి నలుగురూ మాటలాపేసరికి అదొక్కటే వినిపిస్తోంది.

"సహనా," అంది ప్రతిమ నెమ్మదిగా. "మన గడియారం నీకు వినిపిస్తాందా?"

సహన గోడ వైపు చూసింది. "నడుస్తాందమ్మా. ముల్లు కదులుతాంది గదా."

"చూసి కాదమ్మా. చప్పుడు వినిపిస్తాందా?"

"దానికి చప్పుడు ఉంటాదా?"

సుజాతమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. ప్రతిమ కూతురి వెనక్కి వెళ్లి నిలబడి, మామూలుగా మాట్లాడే గొంతుతో, "అమ్మీ, నీకు పండక్కి పట్టు లంగా కుట్టిస్తా," అంది. సహన తండ్రి ముఖాన్నే చూస్తూ ఉంది. ప్రతిమ ఇంకొంచెం గట్టిగా, "ఇట్ల తిరుగు," అంది. సహన తిరగలేదు. తండ్రి కళ్లు తన వెనక్కి పోవడం చూసి, అప్పుడు వెనక్కి తిరిగింది.

"ఏమ్మా, ఏమన్నా అన్నావా?"

ప్రతిమ ఆమెను దగ్గరికి తీసుకుని భుజం మీద తల ఆన్చుకుంది. నందీశ్ మంచం కోడు మీద చెయ్యి వేసి కూర్చుండిపోయాడు. ఇన్నాళ్లూ పిలిస్తే పలకలేదని తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. పెడసరం అన్నాడు, పొగరన్నాడు, ఇందాక మొద్దన్నాడు.

"చిన్నప్పుడు దానికి పెద్ద జ్వరం వచ్చిందిరా," అంది సుజాతమ్మ. "అప్పుడేమన్నా అయ్యిందేమో. ఊర్లో ఎవరితోనూ అనొద్దండి. రేపు సంబంధాలు చూసేటప్పుడు చెవుల మాట ముందుకొస్తాది."

"అత్తా, దానికి ముందు వినిపించనీ," అంది ప్రతిమ. "సంబంధాల మాట తర్వాత."

సుజాతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "రేపే పిల్చుకుపోండి," అంది. "ఆవుల్ని నేను చూసుకుంటా."

మర్నాడు ముగ్గురూ చిక్కబళ్లాపురం వెళ్లారు. చెవుల డాక్టరమ్మ మొదట కన్నడంలో అడిగి, వీళ్లు బాగేపల్లి వైపువాళ్లని తెలిసి తెలుగులోకి మారింది. సహనను చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. అద్దంలోంచి నందీశ్ చూస్తూ నిలబడ్డాడు. బటన్ మీద వేలు పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎక్కడి నుంచో రావలసినదాని కోసం ఎదురుచూస్తున్న కూతురి ముఖం మీంచి చూపు తిప్పుకోలేకపోయాడు. చాలాసేపు ఆ వేలు కదలలేదు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి చెప్పింది. "రెండు చెవుల్లోనూ నరం బలహీనంగా ఉంది. సన్న శబ్దాలు అసలు పట్టుకోవడం లేదు. వినికిడి కొంచెం కొంచెంగా తగ్గింది కాబట్టి తనకే తెలియలేదు. ముఖాలు చూసి, పెదవులు చూసి ఇన్నాళ్లు నెట్టుకొచ్చింది. ఇది మందులతో తిరిగి రాదు. కానీ చెవులకు మిషన్లు పెట్టుకుంటే క్లాసులో పాఠం వినొచ్చు."

సహన ఆమె పెదవులనే చూస్తూ విన్నది. తర్వాత చాలా చిన్నగా అడిగింది.

"అయితే నేను మొద్దు కాదా మేడం?"

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "మొద్దు అయితే సగం మాటలు వినిపించకుండా పదో క్లాసు పాసయ్యేదానివా? రోజంతా ముఖాలు చూసి మాటలు పట్టుకోవడం తక్కువ పనా? అందుకే నీకు తలనొప్పి."

సహన రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని ప్రతిమ కంగారుపడింది. చేతులు తీస్తే కళ్ల నిండా నీళ్లున్నా ముఖం మాత్రం తేటగా ఉంది. గండం గడిచి బయటపడ్డ మనిషి ముఖంలా ఉంది.

చెవుల వెనక పెట్టే చిన్న మిషన్లు తెచ్చి పరీక్ష కోసం అమర్చారు. డాక్టరమ్మ వాటిని సరిచేస్తుంటే నందీశ్ గోడ పక్కకు జరిగి, కూతురికి వీపు చేసి, భార్యతో గొణిగాడు.

"దీన్ని ఎన్ని మాటలంటిని ప్రతిమా. ఏ ముఖంతో మాట్లాడేది దీంతో."

"ఈ ముఖంతోనే మాట్లాడప్పా," అంది వెనక నుంచి సహన.

నందీశ్ గిరుక్కున తిరిగాడు. కూతురు అతని వైపు చూడడం లేదు. అద్దంలో తన చెవి చూసుకుంటోంది. అతను రెండడుగుల్లో వెళ్లి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. డాక్టరమ్మ చూస్తోందన్న సంగతి కూడా మరిచి కళ్లు తుడుచుకున్నాడు.

"తప్పు నాదిమ్మా," అన్నాడు.

"నాకే తెలీలేదు, నీకెట్ల తెలుస్తాదిలే."

డాక్టరమ్మ కొన్నాళ్లు వాడి చూడమని ఇచ్చిన మిషన్లు పెట్టుకుని తిరిగి వచ్చే బస్సులో మొదట ఆ రొదకు సహనకు భయమేసింది. ఇంజను, కిటికీ అద్దాలు, వెనక సీట్లో ప్లాస్టిక్ కవరు నలుగుతున్న చప్పుడు, అన్నీ మీద పడినట్టున్నాయి. రెండు ఊళ్లు దాటాక కొంచెం కుదురుకుంది. నందీశ్ ఫోన్ తీసి దేవరాజ్‌కు చేశాడు. పరిస్థితంతా చెప్పి, సహనకు ముందు బెంచీలోనే చోటు ఉంచమని, లెక్చరర్లు ఆమె వైపు తిరిగి మాట్లాడేలా చూడమని అడిగాడు.

"ఇంకొక మాట సార్," అన్నాడు చివరికి. "ఆ పుస్తకాలు ఇంకా ఉంటే ఇచ్చి పంపండి."

ఫోన్ పెట్టేసి, సహన వెంట తెచ్చుకున్న బొమ్మల పుస్తకం ఒకటి తన ఒళ్లోకి తీసుకున్నాడు. కన్నడంలోదే. అయినా ఒక పేజీ దగ్గర చాలాసేపు తికమకపడ్డాడు.

"ఏ డబ్బా ముందు చదవాలమ్మా? ఈమె అడిగేదానికి వాడు ముందే జవాబు చెప్తాండాడే."

సహన గట్టిగా నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినిపించి మళ్లీ నవ్వింది. వేలు పెట్టి దారి చూపించింది. పైన ఎడమ నుంచి, పక్కకు, మళ్లీ కిందికి. నందీశ్ ఆ వేలు వెంట ఒక్కో బొమ్మా చదువుకుంటూ పోయాడు. ప్రతిమ కిటికీ పక్కన ఎప్పుడో నిద్రలోకి జారింది. నిన్న రాత్రి ఆమెకు కన్ను మూతపడలేదు.

పేజీ తిప్పితే అందులో ఒక్క మాట లేదు. ఏటి ఒడ్డున ఒక తండ్రి, కూతురు కూర్చుని ఉన్నారు.

"ఇక్కడ ఏం మాట్లాడుకుంటాండారు?" అని అడిగాడు నందీశ్.

"ఏమీ లేదప్పా. ఊరికే కూర్చోనుండారు."

అతను తలూపాడు. బాగేపల్లి ఇంకా దూరం ఉంది. తొందరేమీ లేనట్టు ఆ పేజీని అలాగే తెరిచి పట్టుకుని, ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.