ముళ్ళకంచె మీది వ్యుర్గర్

వీబ్కె హార్మ్స్ డిటెక్టివ్ ఆఫీసు గుమ్మం దాటగానే వెనక్కి తిరిగి వీధిని చూసింది.

"నా భర్తను చంపేస్తారయ్యా!"

డిటెక్టివ్ ఓనో తమ్మెన్ కాఫీ కప్పు కింద పెట్టాడు. సహాయకురాలు గెషే ఆమెను కూర్చోబెట్టింది.

ఆమె భర్త డెట్లెఫ్ యుద్ధంలో వ్యుర్గర్ అనే విమానం నడిపాడు. జర్మన్‌లో ఆ మాటకు గొంతు నులిమేవాడని అర్థం. వేసవిలో వాళ్ళ పెరటి ముళ్ళకంచెకు తుమ్మెదలు గుచ్చి ఉండేవి. ఇప్పుడు మంచు పడుతోంది, రోజుకొక ఎలుక అలాగే ముల్లుకు గుచ్చి కనిపిస్తోంది. పాత పగవాళ్ళెవరో తనను బెదిరిస్తున్నారనీ, ఒంటరిగా పారిపోవాలనీ డెట్లెఫ్ అంటున్నాడు.

"మీరేమన్నారు?"

"పొమ్మన్నాను. ఎక్కడో ఒకచోట బతికుంటే చాలు."

ఆ మధ్యాహ్నమే తమ్మెన్ కంచె మీది ఎలుకను చూశాడు. మెడకు అడ్డంగా నలిగిన గీత ఉంది. గెషే ముఖం తిప్పుకుంది.

పశువులపాకలో అద్దెకుండే కుర్ట్ ఒకప్పుడు ఆ విమానాలకు మెకానిక్. వాళ్ళను చూసి నవ్వాడు. "నన్నే పట్టుకెళ్ళండి సార్! ఈ ఇంట్లో వంటగది గడప తొక్కనివ్వరు. జైల్లోనైనా వేడి సూప్ పోస్తారు."

వంటగదిలో పొయ్యి కింద, ఎలుక మెడను నొక్కేసే స్ప్రింగు బోను ఉంది.

"అది ఎవరు పెడతారమ్మా?"

"ఆయనే. ఎలుకను చూస్తే నాకు ఒళ్ళు జలదరిస్తుంది."

తమ్మెన్ అందరినీ అక్కడికే పిలిచాడు.

"ఆ విమానాలు కట్టినవాళ్ళకు పిట్టల పేర్లు పెట్టే అలవాటు ఉండేది. వ్యుర్గర్ పిడికెడంత పిట్ట. పట్టిన పురుగును ముల్లుకు గుచ్చి దాచుకుంటుంది. వేసవిలో మీ కంచె మీద జరిగింది అదే. చలి మొదలవకముందే ఇక్కడి ఆ పిట్టలు దక్షిణానికి ఎగిరిపోయాయి. ఈ ఎలుకలు చచ్చింది బోనులో. వాటిని ముల్లుకు గుచ్చింది మనిషి చెయ్యి."

"ఇంకా చెప్పాలా డెట్లెఫ్?" అన్నాడు కుర్ట్. ఈసారి నవ్వలేదు.

డెట్లెఫ్ తల ఎత్తలేదు. "మామూలుగా వెళ్తానంటే నువ్వు కాళ్ళు పట్టుకునేదానివి వీబ్కె. నువ్వే పొమ్మంటే... నాకు తేలిగ్గా ఉంటుందనుకున్నాను."

"అయితే నిన్నెవరూ చంపరు కదా?"

"చంపరు."

ఆమె కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చుకుంది. గెషే పట్టుకోబోయింది. ఆ చేతిని మెల్లగా తప్పించుకుని వీబ్కె తలుపు బార్లా తెరిచింది. చలిగాలి లోపలికొచ్చింది.

"వెళ్ళాలనుంటే ఇలా అందరి ముందూ, పట్టపగలే వెళ్ళు. నీ కోసం భయపడటం ఇంక నా వల్ల కాదు."