మసిబుడ్డి నిద్ర

"అయ్యో, తలుపు మెల్లిగా వెయ్యండి! దాని కుట్లు తెగితే నా బిడ్డ నాకు దక్కదు!..."

గట్టిగా అరవాలని ఉంది ఆ తల్లికి. కానీ ఆ ఇంట్లో ఇప్పుడు ఎవరూ అరవకూడదు. అందుకే గొంతు నొక్కిపెట్టి గాలితో అరిచింది. గుమ్మంలో భర్త చేతిలో తలుపు రెక్క అలాగే ఆగిపోయింది. ఆయన రేకుపని చేసే మనిషి. బకెట్లు, గరాటాలు, రేకుపెట్టెలు చేస్తాడు. ముందుగదే ఆయన పనిచోటు. పుట్టి బుద్ధెరిగి ఎదురుమాట అనని మనిషి... ఆ రోజూ అనలేదు. తలుపును కాస్త ఎత్తిపట్టి, చంటిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లిగా చేరవేసి వెళ్ళిపోయాడు.

వెనకగదిలో మూత బిగించని ఒక రేకుపెట్టె. దాంట్లో పాత దుప్పటి మడత మీద మసిబుడ్డి. మసి కన్నా నల్లగా ఉండే పిల్లి కనక ఆ పేరు. పిల్లలు కడుపులోనే చచ్చిపోతే పశువుల డాక్టరమ్మ పొట్ట కోసి తీసేసింది. పొట్ట మీద కుట్లు. కుట్లు నాకకుండా మెడ చుట్టూ గరాటాలాంటి ప్లాస్టిక్ గొట్టం. "ఎగరకూడదు, పరుగెత్తకూడదు, బెదరకూడదు. దీనికి నిద్రే మందు. కుట్లు విడితే మళ్ళీ కత్తికి ఓర్చుకునే ఓపిక దీనికి లేదమ్మా" అని మరీ మరీ చెప్పి పంపింది డాక్టరమ్మ.

కానీ నిద్రేది!... ఆ మూల నుంచి ఈ మూలకు, ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూనే ఉంది. మెడలో గొట్టం రేకుకు తగిలి బరబరా గీసుకుంటోంది. ఆ చప్పుడు తల్లి పేగుల మీద గీసినట్టే ఉంది.

పెట్టె పక్కనే నేల మీద కూతురు. నెలలు నిండి, నొప్పులు పడి, ఏడవని బిడ్డను కని, ఖాళీ చేతులతో పుట్టింటికి వచ్చిన కూతురు! వచ్చిన దగ్గర నుంచీ తిండి లేదు, నిద్ర లేదు. కట్టుకున్నవాడు వచ్చి గుమ్మంలో నిలబడితే గోడవైపు తిరుగుతుంది. అమ్మా అని పిలవడం మానేసింది. మాట్లాడితే ఒక్క మసిబుడ్డితోనే. అది కడుపుతో ఉందని తెలిసిన రోజు దాని పొట్ట నిమిరి, "పోనీలే, నీకన్నా దక్కుతాయి" అంది. ఇప్పుడు దానికీ దక్కలేదు!

"ఇది కూడా పోతే నన్నింక లెమ్మనకండి" అంది ఆ ఉదయం. గోడతో చెప్పినట్టు చెప్పింది.

ఆ మాట విన్నాక తల్లి ఇంట్లో చప్పుడన్నదాన్ని బతకనివ్వలేదు. కుక్కర్ కూస్తుందని గిన్నెలో వండింది. కారే కుళాయికి గుడ్డ కట్టింది. గోడ గడియారంలో బ్యాటరీ పీకేసింది. సుత్తి సంగతైతే ఎప్పుడో తేల్చేసింది. "పచ్చి ఒంటితో వచ్చింది పిల్ల. కాస్త కన్ను మూయనివ్వండి. మీ టకటకలు కట్టిపెట్టండి!" అని కూతురు వచ్చిన పూటే దాన్ని లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆయన సరేనన్నాడు. అప్పటి నుంచీ రేకు కత్తిరించడమే తప్ప అంచు మడవడం లేదు. సగం సగం బకెట్లు గోడవారగా పేరుకుపోయాయి.

నోరు ఊరుకోనిది ఒక్క ఆడపడుచే. ఆయనకు అక్క. వీధంతా ఆవిణ్ణి రేడియో అత్త అంటారు.

"మా తమ్ముడి సుత్తి మూలపడింది. ఇంక ఈ ఇంట్లో మిగిలింది నా సుత్తి ఒక్కటే. అదీ వద్దంటే ఎలాగే?"

"వదినా, మీకు దణ్ణం పెడతాను. కాస్సేపు..."

"సర్లే. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు నువ్వు, అది కాదు. పిల్లి మెడలో గంట కట్టేవాడు లేడంటారు... దీనికి ఏకంగా గరాటానే కట్టారు, పాపం!"

తల్లి నోటి మీద వేలు పెట్టి వంటింటి వైపు చూపించింది.

మధ్యాహ్నం దాటాక మసిబుడ్డి ముందుకాళ్ళు పెట్టె అంచు మీద వేసింది. కూతురు పట్టుకోబోతే గింజుకుంది, రక్కింది, అంచు మీద నుంచి జారి వీపు మీద పడింది. కుట్ల చివర ఎర్రగా ఒక చుక్క తేలింది...

"నాన్నా!" కూతురు కేక పెట్టింది.

ఆ కేకకి వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన రేడియో అత్త, ముందుగదిలో గోడకు ఆనించిన రేకు మూతను తన్నుకుంది. మూత గచ్చు మీద పడింది. ఢాం!

"చంపేశారు వదినా! నా బిడ్డను చంపేశారు!" గుసగుసలన్నీ మర్చిపోయి తల్లి నెత్తి కొట్టుకుంది.

కానీ పెట్టెలో... పిల్లి బెదరలేదు. ఆగింది! గొట్టంలో దాని చెవులు రెండూ ముందుగది వైపు తిరిగాయి. ఊపిరి కూడా బిగబట్టినట్టుంది. కాస్సేపు అలాగే ఉండి, ఇంకేమీ వినపడకపోయేసరికి మళ్ళీ మొదలుపెట్టింది... ఆ మూలకు, ఈ మూలకు.

"రెండో దెబ్బ కోసం చూసింది" అంది కూతురు మెల్లిగా.

గుమ్మంలో నిలబడ్డ తండ్రి గొంతు సవరించుకున్నాడు. ఆయన మాట్లాడబోతున్నాడంటే రేడియో అత్త కూడా నోరు మూసుకుంది.

"అది నా ఇనుప దిమ్మ పక్కనే పుట్టింది. సుత్తి ఆడుతుంటేనే కన్ను మూసేది." ఒక్క క్షణం ఆగి కూతుర్ని చూపించాడు. "ఇదీ అంతే. చిన్నప్పుడు నేను పని ఆపితే లేచి ఏడ్చేది."

తల్లి నిర్ఘాంతపోయింది. "మరి ఇన్నాళ్ళూ చెప్పరేం!"

"నువ్వు వద్దన్నావుగా."

అంతే అన్నాడు. నిష్ఠూరం లేదు, కోపం లేదు. ఆ మాట వెయ్యి సుత్తిదెబ్బలై పడింది ఆమె మీద. నిద్ర కోసమని బిడ్డ నిద్రనే బీరువాలో పెట్టి తాళం వేసుకుందా తను!... కానీ ఇప్పుడు తీస్తే? నిజంగానే పిల్లి బెదిరి, ఆ కుట్లు కాస్తా విడిపోతే? కూతురు ఇంక లేవదు. ఆ పాపం ఎవరిది? తనదే! తాళంచెవి రెండుసార్లు జారింది. భగవంతుడా అనుకుని సుత్తి తీసి భర్త చేతిలో పెట్టింది. "మీ ఇష్టం. కానీ మెల్లిగా..." అంది ఏడుస్తూ.

టక్...

మసిబుడ్డి ఒళ్ళు జలదరించింది. తల్లి కళ్ళు మూసుకుంది.

టక్... టక్... టక్...

కళ్ళు తెరిచేసరికి పిల్లి ఉన్నచోటే ఒక చుట్టు తిరిగి, వెనకకాళ్ళు మడిచి, పక్కకు వాలింది. గొట్టం అంచును తలగడ చేసుకుంది. తల్లి దూది తీసుకుని కుట్ల చివర అద్దింది. మళ్ళీ అద్దింది. రెండోసారి దూది తెల్లగానే వచ్చింది. పిల్లి కళ్ళు సన్నగా గీతలయ్యాయి... మూతపడ్డాయి. తల ఎత్తి చూస్తే, పెట్టె అంచు మీద చెంప ఆన్చి, నోరు కాస్త తెరుచుకుని, చిన్నప్పటిలాగే కూతురు నిద్రపోతోంది!

అది చెప్పడానికి తల్లి ముందుగదిలోకి పరుగున వెళ్ళింది. చెప్పనక్కరలేకపోయింది. ఆయన బకెట్ కాదు చేస్తున్నది. ఎప్పుడో మడిచేసిన అంచునే మళ్ళీ మళ్ళీ కొడుతున్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. చెమట కళ్ళల్లోకి దిగుతున్నా తుడుచుకోవడం లేదు. మంచినీళ్ళ చెంబు పక్కనే ఉంది. ఒక్కసారి దానికోసం చెయ్యి చాచాడు. చప్పుడు ఆగింది. లోపల గొట్టం రేకుకు బర్రుమని గీసుకుంది...

"ఇలా ఇవ్వండి!" కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఏ చప్పుడును తిట్టుకుందో ఆ చప్పుడు కోసం సుత్తి లాక్కుంది. ఇనుప దిమ్మ ముందు చతికిలబడి కొట్టింది. ఒక దెబ్బ గట్టిగా, ఒక దెబ్బ మెత్తగా, ఒకటి తప్పి పక్కన. ఆయన నీళ్ళు తాగుతూ ఆమెనే చూస్తున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు మొదటిసారి చూసింది ఆమె.

వెనకగదిలోంచి నిద్రమత్తులో ఒక గొంతు.

"అమ్మా... అది నాన్న దెబ్బ కాదు. నువ్వేగా?"

అమ్మా అంది! ఎన్నాళ్ళకు!...

"నేనే తల్లీ... ఆపెయ్యనా?"

"ఊహూఁ... వంకరగా ఉంది." ఆవులింత. "కొడుతూ ఉండు."

కన్నీళ్ళకు రేకు కనపడలేదు. తర్వాతి దెబ్బ తిన్నగా బొటనవేలి మీదే పడింది. తల్లి పళ్ళు బిగించింది. కిక్కురుమనలేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పెరగకుండా మళ్ళీ సుత్తి ఎత్తింది.